బొమ్మల బొగ్గుబాయి

నేను దుబాయ్‌లో పద్నాలుగు నెలలు బొగ్గుబాయిలో పనిచేశానంటే మా వైపు జనం నవ్వుతారు. ఇసుక దేశంలో బొగ్గెక్కడిదిరా అంటారు. బొగ్గు లేదు, నిజమే. బాయి మాత్రం ఉండేది. ఇనుప చువ్వలు, జాలీ, సిమెంటుతో కట్టిన కొండ, దాని కడుపులోంచి పోయే చిన్న రైలు, ఆ రైలెక్కడానికి టిక్కెట్టు. ఆ కొండలో ఒక మనిషి చచ్చిపోయాడు. లోపల గాలి బాగానే ఉందని ఆ రోజు చెప్పింది నేను.

గోదావరి పక్కన బొగ్గుబాయిల ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి. బదిలీ ఫిల్లర్‌గా, బొగ్గు టబ్బుల్లోకి ఎత్తేవాడిగా చేరాను. అంటే పర్మినెంటు మనిషి నాగా పెడితేనే నాకు పని. పొద్దున్నే బాయి గేటు దగ్గర నిలబడి, ఇవాళ ఎవడికి జ్వరం వస్తుందా అని ఎదురుచూసే బతుకు అది. మధ్యలో ఓ ఆరు నెలలు మా సర్దారు వెనకాల సామాను మోసే పనిలో పడేశారు. షిఫ్టు దిగకముందే బాయంతా తిరిగి చూసే మనిషి సర్దారు. కట్టెతో పైకప్పు తట్టి చప్పుడు వింటాడు. మూలమూలనా దీపం నేల దాకా దించి మంట చూస్తాడు. మంట నిలకడగా ఉంటే జనం దిగొచ్చు. మంట కుంగితే అక్కడ చెడుగాలి నిలిచిందని లెక్క. చెడుగాలి బరువు, అది నేలను పట్టుకుని ఉంటుందని ఆయన చెప్పగా విన్నాను. నాకున్న చదువంతా అదే.

ఎనభైల మొదట్లో మేస్త్రీ వీసా మీద వెళ్ళాను. నాకు తాపీ పట్టుకోవడం రాదు, ఏజెంటుకు ఆ సంగతి తెలుసు, ఎవరికీ పట్టలేదు. జెబెల్ అలీ దిక్కు ఒక సైటులో నెత్తి మీద షట్టరింగ్ చెక్కలు మోసేవాణ్ణి. అక్కడి ఎండ గురించి చెప్పడానికి నాకు మాటలు రావు. మధ్యాహ్నం ఇనుప రాడ్డు ముట్టుకుంటే చేతి తోలు దానికే అంటుకుని ఉండిపోయేది.

ఒక పొద్దున మా బొంబాయి ఫోర్‌మన్ బస్సు దగ్గర నిలబడి అరిచాడు.

"కోయ్‌లే కీ ఖాన్ మే కౌన్ కామ్ కియా?"

బొగ్గుబాయిలో ఎవరు పనిచేశారని. నేను చెయ్యెత్తాను. అక్కడ ఏం పనిచేశావని అడిగాడు. "సర్దార్ థా" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. నోటికి ఎముక లేదు కదా, ఎటైనా తిరుగుతుంది. ఆ రోజు నుంచి నా పేరు పోయింది. ఫోర్‌మన్‌కీ, మావాళ్ళకీ, అందరికీ నేను సర్దారునే.

మా కఫీల్ షార్జా దారిలో ఊరి బయట ఒక పార్కు కట్టించాడు. మనల్ని దేశంలోకి పిలిపించి, మన పాస్‌పోర్టు తన బీరువాలో పెట్టుకున్న యజమానే కఫీల్. ఆయన అమెరికా వెళ్ళినప్పుడు అక్కడి కొండల్లో ఒక పాత బొగ్గు ఊరు చూశాడట. బొగ్గు అయిపోయింది, జనం వెళ్ళిపోయారు. మిగిలిన రైలుకు రంగులేసి, చూడవచ్చినవాళ్ళను కొండల వెంట తిప్పుతున్నారట. ఆయనకు అది నచ్చింది. అలాంటి వేషమే వేసిన చిన్న రైలొకటి సెకండ్ హ్యాండ్‌లో కొని ఓడలో తెప్పించాడు. పైకి పొగగొట్టంతో పాతకాలపు ఆవిరి ఇంజన్, లోపల పెట్రోలు ఇంజన్. ఆరు పెట్టెలు. చెక్క స్టేషను, మంచు కొండలు గీసిన గోడలు, చివర మా కొండ. ఆ అమెరికా కొండల పేరు పార్కు ముదీర్, అంటే మేనేజరు, ఏదో చెప్పాడు. మా నోటికి అది అప్పలయ్య కొండ అయి కూర్చుంది.

రైల్లో టేపు వాగుతుండేది. ఇంగ్లీషులో ఒకసారి, అరబ్బీలో ఒకసారి. ఏమంటుందని ఫోర్‌మన్‌ని అడిగాను. గనిలో పనిచేసేవాళ్ళు ధైర్యవంతులు, పాటలు పాడుకుంటూ బొగ్గు తవ్వేవారు అని చెబుతోందట. నాకు ఒళ్ళు మండింది. బాయిలో పాట పాడినవాణ్ణి నేను చూడలేదు. నోరు తెరిస్తే దుమ్ము పోతుంది.

కొండ లోపల పలుగులు ఎత్తి దించే రబ్బరు బొమ్మలు ఎనిమిది పెట్టారు. మొదటి ఎండాకాలానికే వాటి మొహాలు కారిపోయాయి. ఒకదాని ముక్కు గడ్డం మీదికి జారింది, పిల్లలు చూసి ఏడ్చారు. కొత్త బొమ్మలు రావాలంటే ఓడ రావాలి. అంతదాకా ఎందుకని ముదీర్ మనుషుల్ని పెట్టాడు. బొమ్మల చోట నిలబడటానికి ఎనిమిది మంది, వాళ్ళకు బొగ్గు పని ఎలా ఉంటుందో చూపించడానికి నేను. ఆ తర్వాత ఒకడు తగ్గితే నేనూ బొమ్మనయ్యాను.

మొహానికి నూనెలో కలిపిన మసి పూసుకోవాలి. నెత్తిన లైటున్న టోపీ. రైలు వచ్చేదాకా కదలకూడదు, వచ్చాక పలుగు ఎత్తి దించాలి, మాట్లాడకూడదు, చెమట తుడుచుకోకూడదు. మనుషులని తెలిస్తే సరదా పోతుందని ముదీర్ ఆర్డరు. పిల్లలు మా మీద వేరుశెనక్కాయలు విసిరేవారు. ఒక అమ్మాయి నా చెయ్యి గిల్లి, "బొమ్మే" అన్నట్టు వాళ్ళమ్మ వైపు తల ఊపింది.

ఇంత నామోషీ పనైనా ఎవరూ వదులుకోలేదు. నీడ ఉంది, తాగడానికి నీళ్ళున్నాయి. సాయంత్రం నాలుగింటి నుంచి మూడు నాలుగు గంటలు, అంతే. కుదరదంటే మళ్ళీ జెబెల్ అలీ ఎండలో చెక్కలు మోయాలి. అది గుర్తుకొస్తే వేరుశెనక్కాయలు పూలలా పడేవి.

మాలో పెద్దవాడు సిరిసిల్ల ఆయన. నలభై ఐదు దాటిన మనిషి, మగ్గం మీద బతికినవాడు. ఒక మోకాలు బాగా నొప్పి. చీకటంటే, మూసిన చోటంటే ఆయనకు ప్రాణభయం. మొదటిరోజు కొండ మూతి దగ్గరే ఆగిపోయాడు.

"నాతోని కాదు తమ్మీ. పైకెల్లి కూలితే ఎట్ల? గాలాడకుంటె ఎట్ల?"

"నేనున్న గదన్నా. బాయిల చేసినోణ్ణి. లోపట చూసొచ్చి చెప్త, అప్పుడు రా."

మేముండే కాంపులో కిరోసిన్ లాంతరు ఉంటే తెచ్చి వెలిగించాను. మా సర్దారు ఎలా చేసేవాడో అలాగే, చిన్నకర్రతో పైకప్పు తడుతూ, పది అడుగులకోసారి లాంతరు నేలకు ఆనించి చూస్తూ లోపలంతా తిరిగాను. ఇనుము, సిమెంటు, దాన్ని తట్టడమేమిటి? కానీ బయట ఎనిమిది మంది నా వైపే చూస్తున్నారు. చెట్టు లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. వచ్చి చెప్పాను.

"మంట మంచిగున్నది. భయం లేదు."

ఆయన లోపలికి వచ్చాడు. ఆ రోజు నుంచి అది ఆచారమైంది. రైలు మొదలయ్యే ముందు నేను లాంతరుతో ఒక చుట్టు తిరిగి వచ్చి "మంచిగున్నది" అనాలి, అప్పుడు గానీ ఎవరూ కాలు పెట్టరు. ఫోర్‌మన్ మొదట నవ్వాడు, నెల తిరిగేసరికి వాడే "సర్దార్, బత్తీ దేఖా క్యా?" అని, దీపం చూశావా అని, అడగడం మొదలుపెట్టాడు. నాకు ఛాతీ ఉబ్బేది. ఊళ్ళో గేటు దగ్గర నిలబడిన బదిలీ ఫిల్లర్‌ని ఇక్కడ ఎనిమిది మంది ప్రాణాలకు సర్దారునయ్యాను. ఆ ఉబ్బు గురించి దాచను. చాలా బాగుండేది.

ఎవరెక్కడ నిలబడాలో కూడా నేనే చెప్పేవాణ్ణి. కొండ మధ్యలో, పైకప్పుకు రెండు మూడు అడుగుల కింద ఒక అరుగు ఉంది. దాని మీద బొమ్మ కూర్చుని సుత్తి కొట్టేది. మోకాలు నొప్పి కదా అని సిరిసిల్ల ఆయన్ని అక్కడ కూర్చోబెట్టాను. పైగా చెడుగాలి కిందే ఉంటుంది, పైన అందరికంటే క్షేమం అని వివరంగా చెప్పాను. ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

ఈద్ దగ్గరికొచ్చింది. సొరంగంలోకి రెండు వైపుల నుంచీ వెలుతురు పడుతోంది, చీకటి చాలట్లేదు, బొగ్గుబాయిలా లేదు అని ముదీర్ అన్నాడు. రెండు మూతులకూ నల్లటి రబ్బరు తెరలు వేలాడదీయించాడు. రైలు వాటిని తోసుకుని లోపలికి వస్తుంది, తెరలు వెంటనే మూసుకుంటాయి. చీకటి బాగా కుదిరింది. ఆ మర్నాటి నుంచే అందరికీ తలనొప్పి.

సిరిసిల్ల ఆయనకు అందరికంటే ఎక్కువ. పని అయ్యాక స్టేషను వెనక కూర్చుని కక్కుకున్నాడు. ఈద్ మొదటి రోజు నా దగ్గరికొచ్చాడు.

"తమ్మీ, వశమైతలేదు. తలకాయ పలుగుతున్నది, కండ్లు తిరుగుతున్నయ్. పైన పెట్రోలు కంపు గొడుతున్నది. నన్ను కిందికి దించు."

"కిందనే మంట మంచిగున్నది, పైన ఇంకా మంచిగుంటది. ఉక్కకు ఉప్పంత పోతున్నది, గందుకే. ఉప్పేసి నిమ్మకాయ నీళ్ళు తాగు."

"అది గాదు తమ్మీ, ఏందో గాలి..."

"బాయి సంగతి నాకు తెల్సా, నీకు తెల్సా?"

 ఆయన తప్పు చేసినవాడిలా తల వంచుకుని, "నీకే తెల్సు తమ్మీ" అన్నాడు. నా కంటే పదిహేనేళ్ళు పెద్ద మనిషి.

ఈద్ రెండో రోజు పార్కు కిటకిటలాడింది. ఎప్పుడూ రైలుకూ రైలుకూ మధ్య పావుగంట వ్యవధి ఉండేది. ఆ రోజు దిగేవాళ్ళు దిగుతుండగానే ఎక్కేవాళ్ళు ఎక్కారు. నేను మామూలుగానే మూడున్నరకు లాంతరుతో తిరిగి, "మంచిగున్నది" అన్నాను. మంచిగానే ఉంది మరి, అప్పటికి బండి ఒక్కసారి కూడా నడవలేదు. బాయిలో ఖాళీగా వదిలేసిన చోట గాలి చెడుతుంది. ఇక్కడ బండి నడిస్తే చెడుతుంది. ఈ తేడా నా బుర్రకు తట్టలేదు.

పొద్దుగూకే వేళ, మగ్రిబ్ బాంగుకు కొంచెం ముందు, తల ఎత్తితే సిరిసిల్ల ఆయన సుత్తి ఆగిపోయి ఉంది. గోడకు ఆనుకుని కూర్చున్నాడు, టోపీ లైటు వెలుగుతోంది. అలిసిపోయి కునుకు తీస్తున్నాడనుకున్నాను. ముదీర్ చూస్తే జీతం కోస్తాడని నోట్లోనే "ష్, ష్" అన్నాను. రైలు వచ్చింది. అందరం పలుగులు ఎత్తాం, ఆయన ఎత్తలేదు. పెట్టెలో ఎవరో పిల్లవాడు ఆయన్ని చూపించి అరబ్బీలో ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. ఆ బొమ్మ చెడిపోయింది అన్నాడేమో. రైలు వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. నాలుగు సార్లు వచ్చి వెళ్ళింది. నాలుగు సార్లూ నేను బొమ్మలాగే నిలబడ్డాను, ఎందుకంటే కదలకూడదని ఆర్డరు.

అయిదోసారి తెర మూసుకోగానే నిచ్చెన పట్టుకున్నాను. నా కాళ్ళు నా మాట వినలేదు, రెండుసార్లు జారాను. పైకి వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే ఆయన నా మీదికి ఒరిగిపోయాడు.

ఆసుపత్రిలో ఒక తెలుగు నర్సమ్మ ఉంది. గుంటూరు దిక్కు మనిషి, మెడలో చిన్న శిలువ. ఆయన మొహానికున్న మసి తడిగుడ్డతో తుడిచింది ఆమే. పెదవులు, గోళ్ళ కుదుళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి. బతికుండగా ఆయన మొహంలో అంత కళ నేను చూడలేదు. ఆమె నన్ను వరండాలోకి పిలిచింది.

"ఏవండీ, ఈయన పనిచేసే చోట మోటారేదన్నా నడుస్తదా?"

రైలు సంగతి చెప్పాను. తెరల సంగతి చెప్పాను. లాంతరు సంగతి కూడా చెప్పాను, కొంచెం గర్వంగానే. 

"ఇంజను పొగలో ఒక విషం ఉంటదండీ. దానికి రంగుండదు, వాసనుండదు. మనిషిని ఇట్టా ఎర్రగా చేసి చంపుద్ది. దీపం దానికి ఆరదు. మీ దీపం శుభ్రంగా వెలుగుతానే ఉంటది, పక్కన మనిషి పోతాడు."

"కింద పెట్టి చూసినమ్మా..."

"వేడి పొగ కిందెందుకుంటదండీ? పైకి పోద్ది. పొయ్యి కాడ కూర్చునే ఆడదాన్ని ఎవర్నడిగినా చెబుద్ది కదా." అంతలోనే భయపడి వెనక్కి చూసింది. "నేను చెప్పానని ఎక్కడా అనబాకండి. కాయితంలో గుండె ఆగిందనే రాస్తారు."

అలాగే రాశారు. నేను ఆ వరండాలో గోడకు తల కొట్టుకున్నాను. నిజంగానే కొట్టుకున్నాను, నుదురు వాచింది. పైన క్షేమమని అక్కడ కూర్చోబెట్టింది నేను. దించమంటే దించనిదీ నేను.

రెండు రోజులు రైలు ఆపారు. మూడో రోజు మమ్మల్ని కొండ దగ్గరికి పిలిచారు. ముదీర్ దూరంగా నీడలో నిలబడ్డాడు. తెరలు అలాగే వేలాడుతున్నాయి. నేను ఫోర్‌మన్ దగ్గరికెళ్ళి, ఇంజన్ పొగలో విషముందని, తెరలు తీసేదాకా ఎవరూ పోకూడదని నాకొచ్చిన హిందీలో చెప్పాను.

"డాక్టర్ నే క్యా లిఖా? దిల్ కా దౌరా. ఖలాస్!" అన్నాడు, గుండెపోటని డాక్టరు రాశాడు కదా అని. "తూ బత్తీ దిఖా, బస్. యల్లా." దీపం చూపించు చాలు, నడవమని.

మావాళ్ళ వైపు తిరిగి అదే మాట తెలుగులో చెప్పాను.  సిరిసిల్ల ఆయన అరుగు మీద ఇప్పుడు కూర్చోవలసిన నిజామాబాద్ అతను ముందుకొచ్చాడు. పాతికేళ్ళవాడు, ఆయన పక్క మంచమే.

"సర్దారన్నా, నువ్వు దుఃఖంల ఉన్నవ్. రోజు చూసినట్టే దీపం పెట్టి చూడు. అది వెలిగితే పోతం. ఆరితే పోము."

"దీపానికి తెల్వదంటున్న గదరా!"

"ఇన్ని నెలలు తెల్సింది, ఇయ్యాల తెల్వదా? పనొద్దంటే రేపు జెబెల్ అలీకి ఎక్కిస్తరు. నువ్వు కూడ వస్తవ్ అండ్లకే."

మిగతావాళ్ళూ తలలూపారు. ఇన్ని నెలలుగా నేను వాళ్ళకు నేర్పింది ఇదే, దీపం మాటే మాట అని. ఇప్పుడు ఆ దీపం ముందు నా మాట చెల్లలేదు. వాళ్ళ మీద కోపం రాలేదు. నా మీద మాత్రం చెప్పలేనంత అసహ్యం వేసింది.

లాంతరు వెలిగించి లోపలికి నడిచాను. ఎనిమిదో బొమ్మకు కొత్త మనిషినొకణ్ణి తెచ్చారు, వాడితో కలిపి ఏడుగురూ వెనకాలే తెర దాటి వచ్చి వరసగా నిలబడ్డారు, ఫోర్‌మన్ వాళ్ళ వెనక. అరుగు కిందికి వచ్చి వంగి లాంతరు నేలకు ఆనించాను. మంట ఎర్రగా, నిలకడగా, ఎంతో బాగుంది.

బాయిలో దీపం మీద దొంగ చెయ్యి వేయడాన్ని మించిన పాపం లేదు. అలా చేసినవాణ్ణి మళ్ళీ గేటు లోపలికి రానివ్వరు, పక్కన కూర్చుని బువ్వ తినేవాడు కూడా ఉండడు. నేను లాంతరుకూ వాళ్ళకూ మధ్య ఒళ్ళు అడ్డం పెట్టి, వత్తి తిప్పే తీగను బొటనవేలితో మెల్లగా కిందికి తిప్పాను. మంట కుంగింది. నీలంగా ఒకసారి మిణికి ఆరిపోయింది.

"గాలి చెడ్డది! ఉరుకుండ్రి!" అని అరిచాను.

అందరికంటే ముందు తెర చింపుకుని బయటపడ్డవాడు ఫోర్‌మన్. ముదీర్ కాళ్ళ దగ్గర పడి, బత్తీ బుఝ్ గయీ, బత్తీ బుఝ్ గయీ, దీపం ఆరిపోయిందని అదే పాట. డాక్టరు రాసిన కాగితం వాడికి గుర్తు రాలేదు. ముదీర్ ఏమన్నా సరే ఎవరూ ఆ కొండలోకి వెళ్ళలేదు, కొత్తగా తెచ్చినవాళ్ళూ కథ విని వెళ్ళలేదు. రైలును కొండ చుట్టూ తిప్పి వెనక్కి పంపేలా పట్టాలు మార్చారని తర్వాత విన్నాను. మమ్మల్ని మాత్రం వారం తిరగకముందే లారీ ఎక్కించారు.

మళ్ళీ జెబెల్ అలీకి బయలుదేరాం. తిడతారనుకున్నాను, ఎవరూ తిట్టలేదు. నిజామాబాద్ అతను నా పక్కనే కూర్చున్నాడు. ఇసుక గాలికి తలకు తువ్వాలు చుట్టుకుని, కాసేపటికి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు చూడకుంటె ఆ రోజు నేను పోతుంటి అన్నా. నీ దయ."

చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించింది, తీసుకోలేదు. లారీ చాలా దూరం పోయింది. అతను తువ్వాలు విప్పి ఇసుక దులుపుకున్నాడు. చివరికి అడిగాడు.

"గాని అన్నా, ఆ దీపం ఈద్ నాడే ఆరితే పెద్దాయన బతుకుతుండె గద. ఆ రోజెందుకు ఆరలే?"

"నాకు తెల్వది తమ్మీ" అన్నాను.

ఆ దేశంలో అడుగు పెట్టాక నాకు తెలియదని ఒప్పుకున్నది అదే మొదటిసారి. అదీ అబద్ధమే.